చవదార్ చెరువు నుంచి దామోదర్ లోయ దాకా

బొంబాయి ప్రెసిడెన్సీలో కరువు తాండవిస్తున్న రోజులవి. 1901 ప్రాంతం. సతారా జిల్లా ఖటావ్ తాలూకా గోరేగావ్‌లో ప్రభుత్వం కరువు పని కింద చెరువు తవ్విస్తోంది. తిండికి మాడి వేలల్లో రాలిపోతున్న కూలీ జనానికి ఆ పనే దిక్కు. సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చిన రాంజీ సక్పాల్ అప్పుడు గోరేగావ్‌లో క్యాషియరు. సతారాలో ఉన్న తన పిల్లల్ని సెలవులకు రమ్మని ఆయన ఉత్తరం రాశాడు. పిల్లలు కొత్త బట్టలు తొడుక్కుని రైలెక్కి మసూర్ స్టేషన్లో దిగారు. వస్తున్నామని వాళ్లు రాసిన జాబు తండ్రికి అందలేదు. ఎవరి పిల్లలని స్టేషన్ మాస్టరు అడిగితే మహర్లమని చెప్పారు. అంతే, ఆయన ముఖం మారిపోయింది. బండివాళ్లు ఎవ్వరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు బాడుగ ఇచ్చేటట్టు, బండి పిల్లలే తోలుకునేటట్టు, బండివాడు పక్కన నడిచి వచ్చేటట్టు బేరం కుదిరింది.

మూటలో తిండి దండిగానే ఉంది. తాగడానికే చుక్క నీరు లేదు. దారిలో కనపడిన మడుగు నీళ్లు పశువుల పేడతో, మూత్రంతో నిండి ఉన్నాయి. అర్ధరాత్రి వేళ సుంకం గేటు దగ్గర బండి ఆగింది. మహర్లమంటే నీళ్లు పుట్టవని, పదేళ్లు నిండీ నిండని పిల్లవాడొకడు తాను ముసల్మానునని అబద్ధమాడి అడిగి చూశాడు. అయినా దొరకలేదు. గొంతు తడవకుండా తిండి దిగదు కదా, మూట పక్కనే పెట్టుకుని ఆకలితో పడుకున్నారు. ఆ పిల్లవాడే భీమ్‌రావు. పెద్దయ్యాక డాక్టర్ అంబేద్కర్.

కరువు కూలీలు చెరువు తవ్వుతున్న ఊరికి పోయే దారిలో ఆ ఊరి క్యాషియరు బిడ్డకు గుక్కెడు నీళ్లు లేకపోయాయి. మన వ్యవసాయ కార్మికులకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు.

అంబేద్కర్ పేరు తెలియని వాడ మన రాష్ట్రాల్లో లేదు. మహద్‌లో ఆయన చెరువు నీళ్లు తాగిన సంగతి కూడా కార్యకర్తలకు తెలుసు. అయితే అదే మనిషి 15 ఏళ్లు తిరిగేసరికి ఈ దేశపు నదుల మీద విధానం తయారుచేసే శాఖకు బాధ్యుడయ్యారని, ఆ తర్వాత నదీ జలాల పంపకానికి రాజ్యాంగంలో చోటు పెట్టించారని తెలిసినవారు తక్కువ. ఊరి చెరువులో దోసెడు నీళ్ల కోసం జరిగిన తగాదా, రెండు రాష్ట్రాల మధ్య నది కోసం జరిగే తగాదా ఒకే తాడుకు రెండు కొసలని మేము భావిస్తున్నాం. నీరు ఎవరిది? దాన్ని పంచే అధికారం ఎవరి చేతిలో ఉండాలి? ఆయన జీవితాన్ని ఇక్కడ ఆ ఒక్క వైపు నుంచే చూద్దాం.

ఆయన 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మౌ కంటోన్మెంటులో పుట్టారు. సొంత ఊరు కొంకణ ప్రాంతంలో, రత్నగిరి జిల్లా అంబవడే. మహర్లు మహారాష్ట్ర గ్రామాల్లో వతన్ పేరుతో తరతరాలుగా ఊరి చాకిరీ చేసినవాళ్లు. సర్కారు కబుర్లు మోయడం, ఊరి కాపలా, పొలాల హద్దులు చూపడం, చచ్చిన పశువుల్ని లాగడం అన్నీ వాళ్ల నెత్తినే ఉండేవి. మన దగ్గర వెట్టి ఎట్లాంటిదో అక్కడ వతన్ అట్లాంటిది. మన ప్రాంతంలో చాలా ఊళ్లలో చెరువు తూము తీసి మడిమడికీ నీళ్లు పారించే నీరటికాడు దళితుడే. ఊరందరి పొలానికీ నీళ్లు పెట్టే ఆ మనిషి ఊరి బావిలో చేద వేస్తే మాత్రం మైల. దీన్ని మతం చేసిన ఏర్పాటని కొందరంటారు. చాకిరీని కారుచౌకగా కట్టిపడేసుకునే ఏర్పాటు కూడా ఇదేనని మనం గమనించాలి.

సతారా బడిలో భీమ్‌రావు గోనెపట్టా మీద విడిగా కూర్చునేవాడు. దాహమేస్తే మిగతా పిల్లలు వెళ్లి కుళాయి తిప్పుకుని తాగేవాళ్లు. ఇతను కుళాయి ముట్టరాదు. బడి బంట్రోతు వచ్చి తిప్పాలి. బంట్రోతు రాని రోజు నీళ్లు లేవు.

ఆ తర్వాతి చదువుల సంగతి అందరికీ తెలిసిందే. బరోడా మహారాజు సాయంతో అమెరికా, ఆపైన లండన్. అర్థశాస్త్రంలో పెద్ద డిగ్రీలు, బారిస్టరు పట్టా. 1923లో తిరిగొచ్చి బొంబాయిలో ప్రాక్టీసు పెట్టారు. మరుసటి ఏడు బహిష్కృత హితకారిణీ సభ ఏర్పాటైంది.

సరిగ్గా ఆ 1923లోనే, ఆగస్టు 4న, బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే అనే సభ్యుడు ఒక తీర్మానం పెట్టి నెగ్గించారు. ప్రజాధనంతో కట్టిన, నడుస్తున్న చెరువులు, బావులు, సత్రాలు, బడులు, కచేరీలు అంటరానివారితో సహా అందరూ వాడుకోవచ్చని దాని సారాంశం. ప్రభుత్వం ఉత్తర్వు పంపింది. కొలాబా జిల్లాలోని మహద్ పురపాలక సంఘం 1924 జనవరిలో తన పరిధిలోని చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానం కూడా చేసింది. పుస్తకంలో రాసుకున్నారు. అయితే ఆ తర్వాత మూడేళ్లలో ఒక్క మహర్ గానీ, ఒక్క చమార్ గానీ ఆ గట్టు దిగి దోసిలి పట్టలేదు. పట్టనిచ్చేవాళ్లు లేరు.

మహద్ సావిత్రి నది ఒడ్డున ఉన్న వర్తక పట్టణం. చుట్టుపక్కల పల్లెల దళితులు సంతకు, సర్కారు పనికి, సరుకు మోతకు రోజూ అక్కడికి రావలసిందే. పొద్దంతా పనిచేసి దాహమేస్తే, బయటినుంచి వచ్చినవాడికి నీళ్లు దొరికే సర్కారీ జాగా ఆ చెరువొక్కటే. దాని చుట్టూ సవర్ణుల ఇళ్లు. ముస్లిములు ఆ నీళ్లు తాగేవారు, దానికి అభ్యంతరం లేదు. పశువులు తాగినా మైల లేదు. చెరువుకు మైల అంటించేది దళితుడి దోసిలి ఒక్కటే!

ఈ పరిస్థితి మీద జిల్లా స్థాయిలో పెద్ద సభ పెట్టాలని పూనుకున్నది రామచంద్ర బాబాజీ మోరే అనే స్థానిక యువకుడు. అంబేద్కర్‌ను అధ్యక్షత వహించమని పట్టుబట్టి పిలిచినవాడు అతనే. ఈ మోరే తర్వాతి కాలంలో కమ్యూనిస్టు పార్టీలో చేరి బొంబాయి కార్మికుల్లో జీవితాంతం పనిచేశాడు. అంబేద్కర్‌తో స్నేహమూ పోగొట్టుకోలేదు. మన చరిత్రల్లో ఇతని పేరు అరుదుగా వినబడుతుంది. ఒక్క నాయకుడు లేచి నిలబడితే మహద్ జరగలేదు. ఊరూరూ తిరిగి, మాజీ సైనికుల్ని, పల్లె పెద్దల్ని, ఆడవాళ్లని కూడగట్టినవాళ్లు పదులమంది ఉన్నారు. పురపాలక సంఘం అధ్యక్షుడు సురేంద్రనాథ్ టిప్నిస్, అనంతరావు చిత్రే, గంగాధర్ సహస్రబుద్ధే వంటి సవర్ణులు కొందరు కూడా ఈ పక్షాన నిలబడ్డారు.

సభ 1927 మార్చి 19న మొదలైంది. పదిహేనేళ్ల పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా, కొందరు రెండు మూడు రోజులు నడిచి, చద్దిమూటలు కట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్లకు తాగునీరు కావాలి కదా. పక్కనే చెరువు ఉండగా, సభవాళ్లు 40 రూపాయలు పోసి సవర్ణుల దగ్గర నీళ్లు కొన్నారు. 1927లో 40 రూపాయలంటే కూలివాడికి ఎన్ని రోజుల చెమటో మీరే లెక్క వేసుకోండి.

మర్నాడు, మార్చి 20న, సభ ముగిసే వేళ ఒక ప్రతిపాదన వచ్చింది. పురపాలక సంఘం హక్కు ఇచ్చి మూడేళ్లయింది గనక ఇప్పుడే అందరూ వెళ్లి ఆ హక్కును వాడుకుందాం అన్నారు. వేలాది మంది వరసలు కట్టి బజారు మధ్యనుంచి నడిచారు. అల్లరి లేదు. అంబేద్కర్ చెరువులోకి దిగి దోసిలితో నీళ్లు తీసుకుని తాగారు. ఆయన వెనక జనం. తర్వాత ఎట్లా వచ్చారో అట్లాగే పందిరికి తిరిగి వెళ్లారు.

రెండు గంటలు గడిచాయో లేదో, ఇక వీళ్లు వీరేశ్వర గుడిలో చొరబడతారని ఎవరో పుకారు లేపారు. లాఠీలు, కర్రలు పట్టుకుని ఒక గుంపు పందిరి మీద పడింది. తిరుగు ప్రయాణానికి మూటలు సర్దుకునేవాళ్లను, ఇంకా అన్నం తింటున్నవాళ్లను చావబాదారు. అన్నంలో మట్టి కలిపారు. తప్పించుకున్నవాళ్లలో కొందరు ముస్లిముల ఇళ్లలో తలదాచుకున్నారు. సభకు వచ్చినవాళ్లలో సైన్యంలో చేసినవాళ్లు చాలామందే. వాళ్లు తిరగబడితే ఆ పూట మహద్ ఏమయ్యేదో చెప్పలేం. అంబేద్కర్ వాళ్లను ఆపారు. కొట్టినవాళ్ల మీద కేసులు నడిచాయి, శిక్షలూ పడ్డాయి.

పట్టణంలోని ఛాందసులు చెరువుకు శుద్ధి జరిపించారు. 108 కుండల నీళ్లు పైకి తోడి, వాటిలో పాలు, పెరుగు, ఆవు పేడ, ఆవు మూత్రం కలిపి, మంత్రాలు చదివి తిరిగి చెరువులో పోశారు. ఆవు పేడ కలిస్తే చెరువు పవిత్రమైంది! తాగునీటిలో పేడ కలపడం ఆరోగ్యానికి ఎంత మేలో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

ఆ ఏడాది ఆగస్టు 4న మహద్ పురపాలక సంఘం తన 1924 తీర్మానాన్ని రద్దు చేసుకుంది. తీర్మానం కాగితం మీద పడున్నంతకాలం దానివల్ల ఎవరికీ నొప్పి లేదు. దాన్ని నమ్మి జనం చెరువు దగ్గరికి నడిచాకే పెద్దలకు నొప్పి పుట్టింది. మన ప్రాంతంలో భూ సంస్కరణల జీవోలకు ఇదే గతి పట్టడం చూశాం గనక ఇది మనకు వింత కాదు.

అంబేద్కర్ వెనక్కు తగ్గలేదు. డిసెంబరు 25న మళ్లీ మహద్‌లోనే సత్యాగ్రహ సభ పిలిచారు. సవర్ణులు సభకు జాగా ఇవ్వలేదు. ఒక ముస్లిం ఆసామి తన స్థలం ఇచ్చాడు. దుకాణాలవాళ్లు సరుకు అమ్మమన్నారు. ధాన్యం, సామాను బయటినుంచి మోసుకొచ్చారు. ఈలోగా అవతలివాళ్లు కోర్టుకు వెళ్లి, చవదార్ చెరువు చౌదరి వంశపు సొంత ఆస్తి అని దావా వేసి, అంబేద్కర్ తదితరులు చెరువు ముట్టకూడదని తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నారు. సభ మొదటి రాత్రి మనుస్మృతిని తగలబెట్టారు. మరి చెరువు మాట? ఉత్తర్వును ధిక్కరించి జైళ్లకు పోదామని వేలమంది పేర్లిచ్చారు. కలెక్టరు స్వయంగా వచ్చి నచ్చజెప్పే ప్రయత్నం చేశాడు. రెండు రోజుల తర్జనభర్జన తర్వాత అంబేద్కర్ సత్యాగ్రహాన్ని వాయిదా వేయించారు. జనం ఊరేగింపుగా చెరువు చుట్టూ తిరిగి, నీళ్లు ముట్టకుండా మరలిపోయారు.

ఈ నిర్ణయం మీద అప్పుడూ విమర్శ ఉంది, తర్వాతా ఉంది. అంతమంది సిద్ధపడి వచ్చాక వెనక్కు పంపితే ఉత్సాహం చల్లారదా అని అడిగినవాళ్ల మాట కొట్టిపారేయదగింది కాదు. ఆయన లెక్క వేరు. ఒక పక్క ఊరి పెత్తందార్లు, ఇంకో పక్క సర్కారు తుపాకులు, రెంటినీ ఒకేసారి నెత్తిన పెట్టుకునే బలం ఆ పేద జనానికి ఆనాడు లేదని ఆయన అంచనా. చెరువు సర్కారీదని ఋజువు చేయగలమన్న నమ్మకమూ ఉంది. ఆ పరిస్థితిలో ఆయన అంచనా సరైనదే అనుకుంటున్నాం. కాకపోతే ఆ దారి ఎంత పొడుగో కూడా చూడాలి.

దావా తొమ్మిదేళ్లు దాటి నడిచింది. అవతలివాళ్ల వాదనలు రెండు. చెరువు ప్రైవేటు ఆస్తి అన్నది ఒకటి. ఒకవేళ కాకపోయినా, అంటరానివాళ్లు ముట్టకపోవడం అనాదిగా వస్తున్న ఆచారం గనక ఆచారానికి చట్టబలం ఉందన్నది రెండోది. ఎవరి పేర రికార్డులో ఉంది, పూడిక ఎవరు తీయించారు, మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టారు అన్నవన్నీ తవ్వి తీయవలసి వచ్చింది. మహద్ సబ్ జడ్జి 1931 జూన్‌లో అంబేద్కర్ పక్షాన తీర్పు చెప్పాడు. అవతలివాళ్లు ఠాణా కోర్టుకు వెళ్లారు. 1933లో అక్కడా ఓడారు. బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. 1937 మార్చి 17న హైకోర్టు వాళ్ల అప్పీలు కొట్టేసింది. చెరువు పురపాలక సంఘానిదే అని, అనాది ఆచారమన్నదాన్ని వాళ్లు ఋజువు చేయలేకపోయారని తేల్చింది. ఒక దోసెడు నీళ్లకు పది సంవత్సరాలు! బారిస్టరు కాని కూలివాడు అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగగలడా?

ఆచారం అనాది కాదు గనక దళితులు గెలిచారు. ఋజువై ఉంటే? అంటే కోర్టు అన్యాయాన్ని అన్యాయమని కొట్టేయలేదు, దాని వయసు చాలదని కొట్టేసింది. ఈ సందు పూడ్చకపోతే రేపు ఇంకో చెరువు దగ్గర మళ్లీ పది సంవత్సరాల దావా తప్పదు. పదమూడేళ్ల తర్వాత రాజ్యాంగంలో ఆ సందు ఎట్లా పూడ్చారో కాసేపట్లో చూస్తాం.

నీటి హక్కు ఒక్కటీ వస్తే చాలదని అంబేద్కర్‌కు తెలుసు. భూమి లేనివాడికి పారుదల నీళ్లతో పనేముంది? 1936లో ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1937 సెప్టెంబరులో కొంకణంలోని ఖోతీ పద్ధతిని రద్దు చేయాలని శాసనసభలో బిల్లు పెట్టారు. ఖోతులంటే శిస్తు వసూలు పేరుతో ఊళ్లకు ఊళ్లు పెత్తనం చేసిన మధ్యవర్తులు. వాళ్ల కింద నలిగింది మహర్లు మాత్రమే కాదు, కున్బీ కౌలుదార్లు కూడా. 1938 జనవరిలో వేలాదిమంది రైతులు బొంబాయిలో శాసనసభ మీదికి ఊరేగింపు తీశారు. మహద్‌లో విడిగా నిలబడిన కులాలు ఇక్కడ ఒకే వరసలో నడిచాయి.

1947లో ఆయన రాజ్యాంగ సభకు ఇవ్వడానికి రాసిన ఒక పత్రంలో ఈ ఆలోచన మరింత ముందుకు సాగింది. రాష్ట్రాలు, మైనారిటీలు అని దాని పేరు. వ్యవసాయం ప్రభుత్వ పరిశ్రమగా ఉండాలని, భూమిని ప్రభుత్వం తీసుకుని కుల భేదం లేకుండా గ్రామస్తులకు సమిష్టి సాగుకు ఇవ్వాలని, ఆ పొలాలకు నీరు, పశువులు, పనిముట్లు, ఎరువు, విత్తనం సమకూర్చడం ప్రభుత్వ బాధ్యతగా ఉండాలని అందులో రాశారు. కాంగ్రెసు మెజారిటీ ఉన్న సభలో అది సాగే పని కాదు, సాగలేదు.

ఈ లోపల, 1942 జులైలో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. 1946 దాకా ఉన్నారు. ఆ రోజుల్లో సాగునీరు, విద్యుత్తు వ్యవహారాలు కేంద్రంలో ఆ శాఖ కిందే ఉండేవి. ఏడాది తిరక్కుండానే ఒక పెద్ద పరీక్ష ఎదురైంది. 1943 జులైలో దామోదర్ నది కరకట్ట తెంచుకుని బెంగాల్ మీద పడింది. పల్లెలు మునిగాయి. రైలు మార్గం, గ్రాండ్ ట్రంక్ రోడ్డు కొట్టుకుపోయి కలకత్తాకు దారులు తెగాయి. అదే ఏడు బెంగాల్ కరువులో లక్షలాది జనం చస్తున్నారు. యుద్ధం నడుస్తోంది గనక తెల్లదొరలకు రైలు పట్టాల బాధ ఎక్కువ. కట్ట ఎత్తు పెంచితే సరి అన్నది పాత ఇంజనీర్ల మందు.

దామోదర్ అప్పటి బీహారు కొండల్లో పుట్టి బెంగాల్ మైదానంలోకి దిగుతుంది. ఆనకట్టలు కట్టవలసింది బీహారులో, మునిగేవి బీహారు ఊళ్లు. వరద తప్పేది, పంట పండేది ఎక్కువగా బెంగాల్లో. ఇక రెండు ప్రభుత్వాలకూ ఒప్పందం ఎట్లా కుదురుతుంది? అంబేద్కర్ 1945 జనవరిలో, ఆగస్టులో, మళ్లీ 1946 ఏప్రిల్లో కేంద్రాన్నీ రెండు రాష్ట్రాలనూ ఒకచోట కూర్చోబెట్టారు. నదిని రాష్ట్రం హద్దు దగ్గర కోసి చూడకూడదని, పుట్టిన చోటు నుంచి చివరి దాకా లోయ మొత్తాన్ని ఒకే మడిలాగా చూడాలని ఆయన వాదన. వరద నివారణ, సాగునీరు, కరెంటు, పడవ ప్రయాణం అన్నీ ఒకే పథకంలో ఇమడాలి. వాటిని నడిపేది ఏదో ఒక మంత్రి దయ కాకుండా చట్టంతో ఏర్పడిన సంస్థ కావాలి. అమెరికాలో టెన్నెసీ లోయ సంస్థ నమూనా ఎదురుగా ఉంది. అక్కడి ఇంజనీరు వూర్డ్విన్‌ను పిలిపించి పథకం రాయించారు. 1945 ఏప్రిల్లోనే ఎ.ఎన్. ఖోస్లా అధ్యక్షుడుగా కేంద్ర జలమార్గాల, సాగునీటి, నౌకాయాన కమిషన్ ఏర్పడింది. ఇప్పటి కేంద్ర జల సంఘానికి మూలం అదే. ఆ ఏడు నవంబరులో కటక్‌లో మహానది మీద సమావేశం జరిగింది, హిరాకుడ్‌కు దారి తీసింది.

దామోదర్ లోయ కార్పొరేషన్ చట్టం 1948లో వచ్చింది. తిలయ్య 1953లో, కోనార్ 1955లో, మైథాన్ 1957లో, పాంచెట్ 1959లో పూర్తయ్యాయి. ఇక్కడ మనం ఒక చేదు నిజం దాచిపెట్టకూడదు. ఆ ఆనకట్టల కింద మునిగిన పల్లెల్లో సంతాలులు, పేద రైతులు పెద్దసంఖ్యలో ఉన్నారు. 1959 డిసెంబరు 6న పాంచెట్‌ను నెహ్రూ ఒక సంతాల్ కూలీ అమ్మాయి చేత మీట నొక్కించి ప్రారంభింపజేశారు. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. కానీ ఇల్లూ పొలమూ పోయినవాళ్ల గోడు ఆ ఫొటోల్లో పడలేదు. సంస్థ కూడా రానురాను బొగ్గు కరెంటు సంస్థగానే ఎక్కువ పెరిగింది, పొలాలకు నీరు అనుకున్నంత అందలేదు. లోయ మొత్తాన్ని ఒకటిగా చూడాలన్న అంబేద్కర్ సూత్రం మంచిదే. లోయలో మునిగేవాడికి ఆ సంస్థలో కుర్చీ ఎక్కడ అన్న ప్రశ్నకు మాత్రం ఆ పథకంలో జవాబు కనపడదు. పెద్ద ఆనకట్టల మీద ఆ తరం వాళ్లందరికీ ఉన్న నమ్మకమే ఆయనకూ ఉంది.

1947 ఆగస్టులో ఆయన రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడయ్యారు. మహద్‌కు జవాబు 15వ అధికరణంలో, రెండో క్లాజులో ఉంది. సర్కారు డబ్బుతో పూర్తిగా గానీ కొంతగా గానీ నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, లేదా ప్రజల వాడకానికి వదిలినవి ఏవైనా సరే, వాటి దగ్గర కులం, మతం, ఆడ మగ తేడాలతో ఏ పౌరుణ్నీ అడ్డగించరాదని దాని అర్థం. బోలే తీర్మానంలోని విత్తనం ఇక్కడ చెట్టయింది. ఇంతకుముందు చెప్పిన సందు ఇక్కడ పూడింది. అనాది ఆచారమైనా కొత్త ఆచారమైనా ఇక ఒకటే, చెల్లదు. పైగా ఇది సర్కారును మాత్రమే కాక గట్టు మీద కర్ర పట్టుకు నిలబడే ఊరి పెద్దను కూడా కట్టిపడేస్తుంది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది.

నదుల మాట 262వ అధికరణంలో ఉంది. 1949 సెప్టెంబరులో అంబేద్కర్ దాన్ని రాజ్యాంగ సభలో ప్రవేశపెట్టారు. అంతర్ రాష్ట్ర నదీ జలాల తగాదాలు తీర్చే పద్ధతిని పార్లమెంటు చట్టం చేసి ఏర్పాటు చేయవచ్చు, కావాలంటే మామూలు కోర్టుల్ని పక్కన పెట్టవచ్చు. చవదార్ దావాలో పది సంవత్సరాలు నలిగిన లాయరు ఇది రాశాడంటే ఆశ్చర్యం లేదు. దాని కింద 1956లో రెండు చట్టాలొచ్చాయి. తగాదాలు తీర్చే ట్రిబ్యునళ్ల చట్టం ఒకటి, లోయ మొత్తానికి ఉమ్మడి ఆలోచన చేసే నదీ బోర్డుల చట్టం ఒకటి. మొదటిది వాడుకలోకి వచ్చింది. రెండోదాని కింద ఒక్క బోర్డూ ఏర్పడలేదు. తగాదా పడటానికి అందరూ సిద్ధమే, కలిసి కూర్చోవడానికి ఎవరూ సిద్ధం కాలేదన్నమాట. ఆ ఏడాది డిసెంబరు 6న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు.

ఆ 1956 చట్టం మన గడపలోకి 1969లో వచ్చింది. కృష్ణా, గోదావరి జలాలకు బచావత్ ట్రిబ్యునల్ వేశారు. కృష్ణాలో నమ్మకంగా దొరికే నీరు 2,060 టీఎంసీలని లెక్కగట్టి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 అని 1973లో తీర్పు చెప్పింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఆంధ్ర, తెలంగాణల మధ్య వాటాల పంచాయతీ కూడా ట్రిబ్యునల్ దగ్గరికే చేరింది. రాష్ట్రాల వాటా టీఎంసీల్లో తేలుతుంది. రాష్ట్రం లోపల ఎవరి మడికి ఎంత అన్నది ఆ తీర్పుల్లో తేలదు. పాలమూరు కూలీలు దేశమంతటా తిరిగి ఆనకట్టలకు రాళ్లు మోశారు, కాల్వలు తవ్వారు. కృష్ణ వాళ్ల జిల్లా అంచునే పారుతున్నా వాళ్ల చేలు దశాబ్దాలపాటు బీడుగానే ఉన్నాయి.

ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జులైలో ఏం జరిగిందో పాత కార్యకర్తలు మరిచిపోయి ఉండరు. మాదిగపల్లె తాగే చెరువు దగ్గర గేదెను కడిగి నీళ్లు పాడుచేస్తుంటే ఒక కుర్రాడు అడ్డుచెప్పాడు. అతన్ని కొట్టబోతే ఒక స్త్రీ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జులై 17న, భూస్వాముల మూక పల్లె మీద పడి ఆరుగుర్ని చంపింది. రాజ్యాంగం వచ్చి అప్పటికి 35 ఏళ్లు. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టంలో దళితులు, గిరిజనులు వాడుకునే నీటిని పాడుచేయడం నేరమని విడిగా రాయవలసి వచ్చింది. ఆ సెక్షను కింద కేసు పెట్టమని అడిగే హక్కు ఉందని ఇప్పటికీ చాలా వాడల్లో తెలియదు.

1997లో ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి వినియోగదారుల సంఘాల చట్టం తెచ్చారు. కాల్వలు, చెరువుల యాజమాన్యం ఇక రైతులదేనని గొప్పగా చెప్పారు. ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారికి ఇచ్చారు. కాల్వ పూడిక తీసేవాడికి, గండి పడితే రాత్రికి రాత్రి ఇసుక బస్తాలు మోసేవాడికి, ఆ చెరువు నీళ్లే తాగి బతికే కూలీ కుటుంబానికి, సెంటు భూమి లేకపోతే ఓటు లేదు. మన సంఘాల మహాసభల్లో కూలి రేట్ల తీర్మానం పక్కన ఈ ఓటు తీర్మానం కూడా ఉండాలని మేము అడుగుతున్నాం. ఆ సభలకు వచ్చే ముందు ప్రతి శాఖా తన ఊరి చెరువు ఎవరి పేర ఉందో, మరమ్మతుకు ఏ నిధి ఖర్చయిందో పంచాయతీ దస్తరంలో చూసి రాసుకొస్తే మంచిది. మహద్‌లో అంబేద్కర్ పక్షం కోర్టులో నిలబడింది ఆ కాగితాల మీదే.